ముక్కు మేస్త్రి దాచిన సంగతి

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ అతను ముక్కు మేస్త్రి. అలాగని అతని ముక్కేమీ వింతగా ఉండేది కాదు, ఎంత ఉండాలో అంతే ఉండేది. కాకపోతే ముప్పై రెండేళ్లుగా చిన్న ఇంజన్లు బాగుచేస్తున్న ఆ మనిషి సగం పని ముక్కుతోనే చేసేవాడు. నీళ్లు తోడే పంపు, కరెంటు పోతే వేసుకునే జనరేటర్, గడ్డి కోసే మిషన్, ఏది తెచ్చి ముందు పెట్టినా పానా పట్టుకోకముందే ట్యాంకు మూత విప్పి, వంగి, ఒక్కసారి గాలి పీల్చేవాడు. "ఇది పోయిన ఏడాది పెట్రోలు. పారబోసి రండి" అనేవాడు. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, లోపల ఏం అరిగిందో చెప్పేవాడు. ఒకసారి పొగగొట్టం దగ్గర వాసన చూసి "ఎలక కాపురం పెట్టింది" అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే గూడు, అందులో కళ్లు తెరవని నాలుగు పిల్లలు.

ఇంకో ముచ్చట కూడా జనం చెప్పుకునేవారు. పంపు బాగుచేయించుకుందామని ఒకాయన వచ్చాడట. ఆయన గుమ్మంలో నిలబడి ఇంకా నోరు తెరవలేదు, మేస్త్రి తల ఎత్తి, "మీ ఇంట్లో ఎక్కడో వైరు కాలుతోంది. చొక్కాకి పట్టేసింది. పంపు సంగతి తర్వాత, ముందు ఇంటికి పరిగెత్తండి" అన్నాడట. ఆయన వెళ్లేసరికి పడగ్గదిలో స్విచ్ బోర్డు నల్లగా కమిలిపోయి ఉంది. అప్పటినుంచీ వాసన విషయంలో ముక్కు మేస్త్రి మాటకి ఎదురు లేకుండా పోయింది.

అతనికి పెళ్లి కాలేదు. చెల్లెలికీ కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే అతను చెల్లెల్ని చూపించేవాడు, చెల్లెలు అన్నని చూపించేది. ఇద్దరూ తల్లి వదిలిన మూడు గదుల ఇంట్లోనే ఉండిపోయారు. ఆ మూడు గదులూ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వీధివైపు ఇనప షట్టర్ ఉన్న గది అతని షెడ్డు. దాని వెనక గదిలో ఆమె కుట్టుమిషన్, పరదాల బట్ట తానులు. ఆ వెనక వంటిల్లు. షెడ్డుకీ కుట్టుగదికీ మధ్య ఒక చెక్క తలుపు, ఇంటి పక్కన పొడుగ్గా సన్నటి వరండా, ఆ వరండా గోడకి కరెంటు మెయిన్ స్విచ్. ఆమె ఊళ్లో కిటికీలకీ గుమ్మాలకీ పరదాలు కుట్టి, తనే వెళ్లి వేలాడదీసి వచ్చేది. పొద్దున్నే ఇద్దరూ టీ తాగి చెరో గదిలోకి వెళ్లి, చెక్క తలుపు తెరిచి పెట్టుకుని, మిషన్ల చప్పుడు మీదుగా అరుచుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు.

పోయిన ఎండాకాలం చివర్లో అతనికి పది రోజులు జ్వరం కాసింది. తగ్గాక చెల్లెలు టీ ఇస్తే ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"పొడి వెయ్యడం మర్చిపోయావా ఏంటే? వేడినీళ్లలా ఉంది."

"నోరు చేదెక్కింది నీకు. రెండు రోజులాగు, అదే వస్తుంది" అంది ఆమె.

రెండు రోజులు కాదు, మూడు వారాలు గడిచాయి. ఒకరోజు ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, కాస్త చూస్తూ ఉండమని చెప్పి, పక్కింటికి పరదాల కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. అతను పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ఏదో కార్బొరేటర్ శుభ్రం చేసుకుంటున్నాడు. పాలు పొంగాయి, మాడాయి, గిన్నె అంటుకుంది. ఆ కంపు పక్కింటి గేటు దాకా వెళ్లి ఆమెని లాక్కొచ్చింది. ఆమె పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసేసరికి వంటిల్లంతా పొగ. అన్న మాత్రం అలాగే తలవంచుకుని, నోటితో చిన్న గొట్టంలోకి గాలి ఊదుతున్నాడు.

"ఏం ధ్యాసలో ఉన్నావన్నయ్యా! కొంపంతా మాడు కంపు కొడుతుంటే!"

అతను వెనక్కి తిరిగి పొగ చూశాడు. "ఆఁ... ఈ గొట్టం ధ్యాసలో ఉండిపోయాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెట్రోలు డబ్బా మూత తీసి ముక్కు పెట్టాడు. ఏమీ లేదు. కిరసనాయిలు. ఏమీ లేదు. చేతులు కడుక్కునే సబ్బు, పాత ఆయిల్ గుడ్డలు, చెల్లెలి తలనొప్పి మందు. ఆ మందుకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ వాసన మాత్రం రాలేదు. తెలిసిన ఇంట్లోకి వెళ్తే మనుషులంతా ఖాళీ చేసి వెళ్లిపోయినట్టు అనిపించింది అతనికి.

ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి కూడా. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందని తెలిస్తే మిగిలేది వట్టి మేస్త్రి. అలాంటివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. పైగా ఇవాళ కాకపోతే రేపు వచ్చేస్తుంది కదా అని రోజూ పొద్దున్నే పెట్రోలు డబ్బా మూత తీసి చూసుకునేవాడు. రాకపోతే మూత పెట్టేసి పనిలో పడేవాడు.

మెల్లగా కొన్ని ఎత్తులు నేర్చుకున్నాడు. పెట్రోలుని గాజుసీసాలో పోసి వెలుగుకి పట్టి చూస్తే పాతదైతే కాస్త పచ్చగా కనిపించేది. వచ్చినవాళ్లని మాటల్లో పెట్టి ఎప్పుడు పోశారో, ఎక్కడ పోశారో లాగేవాడు. ఒక్కోసారి తమాషాకి అడుగుతున్నట్టు, "మీరు చూసి చెప్పండి చూద్దాం, ఏం వాసనొస్తోంది?" అని కడ్డీ వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. వాళ్లు చెప్పింది విని, తెలిసినవాడిలా తలాడించేవాడు. మూడు నెలలు బాగానే సాగింది. బాగానే సాగిందని అతను అనుకున్నాడు.

నాలుగో నెలలో వాన బాబాయ్ గడ్డి మిషన్ తోసుకుంటూ వచ్చాడు.

ఆయన ఊరి చివర ఆసుపత్రిలో తోటపని చేసేవాడు. ఏ కాలంలోనైనా సరే ఆకాశం వైపు చూసి "ఇవాళ కుమ్మేస్తుంది" అనడం అలవాటు కాబట్టి అందరికీ వాన బాబాయ్ అయ్యాడు. పాతికేళ్లుగా చెప్తున్నందుకు ఆ వారం మాత్రం ఆయన మాట నిజమయ్యేలా ఉంది. మబ్బులు మేడల మీదకి వంగి ఉన్నాయి, ఎక్కడా ఆకు కదలడం లేదు.

"ఏమైంది బాబాయ్?"

"ఏమవుతుంది, మొండికేసింది. తాడు లాగి లాగి నా భుజం ఊడి చేతికొచ్చింది గానీ ఇది కిక్కురుమంటే ఒట్టు. అవతల గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. పెద్ద డాక్టరు గారు రోజూ కిటికీలోంచి గడ్డి వైపు చూస్తారు, తర్వాత నా వైపు చూస్తారు. వాన మొదలైతే ఇక కోసినట్టే!"

"పెట్రోలు ఎప్పటిది?"

"పోయిన వారమే పోశాను. అదో గోల మళ్లీ. ట్యాంకు నిండా పోసి పెడితే తెల్లారేసరికి సగానికి దిగుతోంది. ఎవడో గొట్టం పెట్టి లాగేస్తున్నాడని స్టోరు గదికి తాళం కూడా మార్చాను."

"తాళం మార్చాక?"

"అయినా తగ్గుతోంది! దొంగ దగ్గర ఆ తాళం చెవి కూడా ఉన్నట్టుంది" అని నవ్వి, వాన బాబాయ్ తనే ట్యాంకు మూత విప్పి పక్కకి జరిగాడు. మేస్త్రి ఏం చెప్తాడా అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ అదొక వేడుక ఆయనకి.

మేస్త్రి వంగాడు. కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. ట్యాంకులోంచి చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు.

"కొత్తదే" అన్నాడు లేచి.

"చూశావా, నేను చెప్పలా!" అని వాన బాబాయ్ మురిసిపోయాడు. రేపు పది గంటలకల్లా వస్తానని, ఈలోపు కుమ్మేస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంజన్ మొరాయిస్తే చూసుకోవాల్సినవి మూడే: నిప్పురవ్వ, పెట్రోలు, గాలి. మేస్త్రి మిషన్ని వాకిట్లోనే పెట్టుకుని వరసగా మొదలుపెట్టాడు. గాలి జల్లెడ విప్పితే గడ్డిపొడితో గడ్డకట్టి ఉంది. కడిగి ఆరబెట్టాడు. ప్లగ్గు విప్పాడు. నల్లగా, తడితడిగా ఉంది. గుడ్డతో తుడిచి, దాన్ని ఇంజన్ ఇనుముకి ఆనించి పట్టుకుని తాడు లాగితే మొనల మధ్య నీలంగా రవ్వ మెరిసింది. రవ్వ బాగానే ఉంది. ఆయిల్ కడ్డీ తీశాడు. ఆయిల్ గీతకి ఒక వేలెడు పైన ఉంది. బాబాయ్ ఎక్కువ పోసి ఉంటాడు అనుకున్నాడు. అలవాటుగా కడ్డీ ముక్కు దగ్గరకి వెళ్లింది, ఏమీ తెలియక కిందికి దిగింది. వేళ్ల మధ్య రాసి చూస్తే నీళ్లలా పలచగా ఉంది. ఎండకి పలచబడి ఉంటుందిలే అనుకున్నాడు. మూడు రోజులుగా ఎండ మొహం ఎవరూ చూడలేదు. ఆ సంగతి అతనికి తట్టకపోలేదు. తట్టినదాన్ని పక్కకి నెట్టి, కడ్డీ తుడిచి మళ్లీ బిగించాడు.

జ్వరానికి ముందైతే ఆ కడ్డీ దగ్గరే కథ ముగిసేది. ఆయిల్లో పెట్రోలు కలుస్తోందని ఒక్క పీల్పుతో తెలిసిపోయేది. కార్బొరేటర్లో పెట్రోలుని ఆపాల్సిన సూదిమొన అరిగితే ట్యాంకులోది ఆగకుండా కిందికి దిగుతూనే ఉంటుంది. కొంత ఇంజన్లోకి, కొంత నేల మీదకి. బాబాయ్ స్టోరు గదిలో దొంగ ఎవరో అప్పుడే తేలిపోయేది.

మేస్త్రి కార్బొరేటర్ విప్పాడు, కడిగాడు. ఆ సూదిని చేతిలోకి తీసుకున్నాడు కూడా. దాని మొన చుట్టూ వెంట్రుకంత గీత ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనబడని గీత. కళ్లజోడు లోపల కుట్టుమిషన్ మీద ఉంది. సూదిని తిరిగి పెట్టేశాడు.

ఏడోసారి తాడు లాగితే ఇంజన్ లేచింది. తెల్లటి పొగ గుప్పుగుప్పుమని కక్కి, నాలుగు నిమిషాలు తిరిగి, గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. ఇంతలో పెద్ద చినుకులు మొదలయ్యాయి. మిషన్ని షెడ్డులోకి తోసి, మళ్లీ విప్పి, కంప్రెసర్ గాలితో సన్నటి రంధ్రాలు ఊదుతున్నాడు. పెళపెళమని ఒక ఉరుము ఉరిమింది. వీధి మొత్తం కరెంటు పోయింది, కంప్రెసర్ మూలిగి ఆగిపోయింది. మసక వెలుతురులో చేతి గురుతుతోనే అన్నీ తిరిగి బిగించి, ట్యాంకు నింపి, షట్టర్ దించేశాడు. ట్యాంకు కింద పెట్రోలుని ఆపే ట్యాప్ తిప్పి కట్టాడో లేదో గుర్తులేదు. ముప్పై రెండేళ్లలో అది మర్చిపోయిన రోజులు లేకపోలేదు. కానీ ఆ రోజుల్లో గంట తిరక్కుండా వాసనే వచ్చి పిలిచేది.

తెల్లారినా వాన తగ్గలేదు, కరెంటు రాలేదు. చెల్లెలు కుట్టిన పరదాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గొడుగు పట్టుకుని బయల్దేరింది. వెళ్లబోతూ చెక్క తలుపు దగ్గర ఆగింది. షెడ్డులోకి తొంగి చూసి, ముక్కు ఎగబీల్చి, అన్న మొహం వైపు చూసింది.

"అన్నయ్యా..."

"ఏంటే?"

ఆమె ఏదో అనబోయి ఆగిపోయింది. "ఏం లేదులే. గాలి ఆడనీ కాస్త" అని వెళ్లిపోయింది.

పది గంటలకి బాబాయ్ వచ్చేస్తాడు. మేస్త్రి షెడ్డులోకి వెళ్లాడు. కుట్టుగది వరండా తలుపులోంచి జల్లు కొడుతోందని చెక్క తలుపు దగ్గరగా వేశాడు. షట్టర్ కింద సందులోంచి వచ్చే వెలుతురు తప్ప లోపలంతా చీకటి. నేల తడిగా ఉంది. వాన వస్తే షట్టర్ కింద నుంచి నీళ్లు రావడం మామూలే. చెప్పులు కాస్త జారుతున్నాయి. ఎందుకో తల దిమ్ముగా ఉంది, కళ్లు మండుతున్నాయి. జ్వరం మళ్లీ తిరగబెడుతోందేమో అనుకున్నాడు.

తాడు నాలుగుసార్లు లాగాడు. లేవలేదు. ప్లగ్గు విప్పాడు. నిన్నటికంటే ఎక్కువ తడి. వేడెక్కాక రవ్వ బలహీనపడుతోందా? చీకట్లో అయితే రవ్వ బాగా కనిపిస్తుంది. ప్లగ్గుకి వైరు తగిలించి, ఇంజన్ ఇనుముకి ఆనించి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. మోకాలు నేల మీద ఆనించాడు. కుడి చేత్తో తాడు పిడి అందుకుని బిగువు వచ్చేదాకా లాగాడు. ఇక ఒక్క గుంజు గుంజడమే.

మోకాలు చల్లగా ఉంది.

వాననీళ్లు చల్లగానే ఉంటాయి. కానీ ఇది వేరే చలి, చర్మాన్ని పీల్చే చలి. అతను పిడిని అలాగే పట్టుకుని, ప్లగ్గుని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, ఎడమ అరచేయి నేలకి ఆనించి తీశాడు. తడి అయింది. మొహం ముందు పెట్టుకుని చూశాడు. చూస్తుండగానే అరచేయి ఆరిపోయింది. చెల్లెలు వరండాలో ఆరేసిన బట్టలు రెండు రోజులుగా అలాగే ముద్దగా వేలాడుతున్నాయి. అతని అరచేయి మాత్రం పది లెక్కపెట్టేలోపు ఆరిపోయి, తెల్లగా పొడిబారింది.

అప్పుడతనికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. తగ్గిపోయే ట్యాంకు, గీత దాటి పలచబడ్డ ఆయిల్, మండే కళ్లు. నేలంతా పెట్రోలు. మూసిన గదినిండా పెట్రోలు ఆవిరి. మధ్యలో తను, చేతిలో నిప్పురవ్వ పుట్టించే తాడు.

లోకంలో తన కుడిచేయి ఒక్కటే ఉన్నట్టు అనిపించింది అతనికి. ఆ పిడిని వదిలేస్తే తాడు విసురుగా వెనక్కి చుట్టుకుంటుంది. అందుకని దాన్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు కొంచెం కొంచెంగా వెనక్కి వెళ్లనిచ్చాడు. చివరికి టక్కుమని చిన్న చప్పుడు. ఏమీ కాలేదు. లేచి షట్టర్ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఇనప షట్టర్ ఇనప పట్టాల మధ్య ఒరుసుకుంటూ లేస్తుంది. వద్దు. కాళ్లకున్న చెప్పుల కింద మేకులున్నాయి, తనే కొట్టుకున్నాడు. మెల్లగా చెప్పులు విడిచి ఉత్తకాళ్లతో చెక్క తలుపు వైపు తిరిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది కంప్రెసర్. నిన్న ఊదుతూ ఊదుతూ ఉండగా కరెంటు పోయింది. దాని స్విచ్ వేసినట్టే ఉంది. కరెంటు వచ్చిందంటే అదే లేస్తుంది. లేచేటప్పుడు దాని డబ్బాలో ప్రతిసారీ చిటుక్కుమని ఒక రవ్వ మెరుస్తుంది. అతను వేలసార్లు చూశాడు ఆ రవ్వని.

కంప్రెసర్ నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్లి దాని స్విచ్ తీసేలోపు కరెంటు వస్తే? మెయిన్ స్విచ్ వరండాలో ఉంది. అతను ఇక ఆలోచించలేదు. చెక్క తలుపు తీసుకుని, కుట్టుగదిలో తానుల మీద కాళ్లు పడుతున్నా చూసుకోకుండా వరండాలోకి ఉరికి, మెయిన్ స్విచ్ పిడిని రెండు చేతులా కిందికి గుంజేశాడు.

ఆ పిడిని పట్టుకునే నిలబడ్డాడు. వాన మొహం మీద కొడుతోంది. ఎంతసేపో చెప్పలేడు, వంద ఊపిర్లు కూడా కాలేదు. ఎదురింట్లో రేడియో గట్టిగా అరిచింది. ఎవరో పిల్లలు "కరెంటొచ్చింది!" అని కేకలు పెట్టారు. వీధంతా వెలిగింది, వాళ్ల ఇల్లు తప్ప. అప్పుడు గోడకి జారగిలబడి ఆ తడిలోనే కూలబడిపోయాడు.

చెల్లెలు తిరిగొచ్చేసరికి అక్కడే ఉన్నాడు. ఆమె గేటు దగ్గరే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అబ్బబ్బ, ఏంటన్నయ్యా ఈ పెట్రోలు కంపు? పొద్దుటికంటే ఎక్కువైంది!"

అతను తల ఎత్తాడు. "పొద్దున కూడా వచ్చిందా?"

"రాకేం? రాత్రి నుంచీ వస్తోంది. తల తిరిగిపోతోంది నాకు."

"మరి చెప్పలేదేం?"

"నీకు నేను చెప్పాలా? పక్కింటివాళ్ల ఇంట్లో దీపం ఆరితే ఇక్కణ్ణుంచి చెప్పేవాడివి! నీకు తెలిసే ఉంటుంది, ఏదో పని మీద ఉన్నావులే అనుకున్నాను."

అతను, చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి తల్లి ముందు నిలబడ్డప్పటి గొంతుతో అన్నాడు: "నాకు వాసన రావట్లేదే. జ్వరం తగ్గినప్పటినుంచీ. ఏ వాసనా రావట్లేదు."

ఆమె గొడుగు మూయడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. మాడిన పాలు, వేడినీళ్ల టీ, అన్నీ ఆమె కళ్లముందు వరసగా తిరిగాయి కాబోలు. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుని, తడిసిన అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. అంతే.

పది గంటలకి వాన బాబాయ్ వచ్చాడు. సంగతి విని ఆయన మొహం పాలిపోయింది.

"మా స్టోరు గది కూడా వారం నుంచీ ఇదే కంపు మేస్త్రీ. ఆసుపత్రి మందుల వాసనలో కలిసిపోయి ఏంటో సరిగ్గా తేలలేదు, అయినా మిషన్ తీసుకెళ్తే నువ్వే కనిపెడతావు కదా, నేను చెప్పేదేముంది అనుకున్నా."

ముగ్గురూ కలిసి షట్టర్ పట్టాలనిండా బక్కెట్లతో నీళ్లు పోసి, అంగుళం అంగుళంగా పైకి లేపారు. మిషన్ని బయటికి తోసి, నేల కడిగి, సాయంత్రం దాకా గాలికి వదిలేశారు. సూది మార్చాక మిషన్ రెండో గుంజుకే లేచింది. బాబాయ్ దాన్ని తోసుకెళ్లాడు గానీ ఆకాశం వైపు చూడనూ లేదు, ఏమీ అననూ లేదు.

అక్కడితో అయిపోయిందనే చెల్లెలు అనుకుంది. అతను మాత్రం చెక్క తలుపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆ తలుపు వెనక, ఎవరి మిషన్ ఏదో సుద్దముక్కతో రాసుకోవడం అతని అలవాటు. జ్వరం తగ్గాక రాసినవి పద్నాలుగు ఉన్నాయి. పద్నాలుగు మిషన్లు. కడ్డీ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తెలిసినట్టు తలాడించి, "బాగానే ఉంది, తీసుకెళ్లండి" అని పంపినవి.

"చెల్లీ, రేపు నీ పని మానుకోగలవా?" అన్నాడు.

నాలుగు రోజులు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతిచోటా అతను మిషన్ని ఆరుబయటికి లాగించి, మూతలు విప్పేవాడు. ఆమె వంగి వాసన చూసేది.

"ఎలా ఉంది?"

"నూనె. ఒట్టి నూనె."

"పెట్రోలు ఘాటు తగుల్తోందా? ముక్కు లోపల సూదితో గుచ్చినట్టు?"

"లేదు."

"సరే, తర్వాతది."

చాలావరకు బాగానే ఉన్నాయి. ఒక బడి పంపు, ఇద్దరు ముగ్గురి గడ్డి మిషన్లు, ఒక ఫొటో స్టూడియో జనరేటర్, అన్నీ శుభ్రం. తొమ్మిదోది ఒక బేకరీది. జనరేటర్ పెద్ద పొయ్యికి వెనక, కిటికీ లేని చిన్న గదిలో ఉంది. తలుపు తీయగానే చెల్లెలు చెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. పెట్రోలు గొట్టం కీలు దగ్గర చెమ్మగిల్లి, కింద సిమెంటు నల్లగా నానిపోయి ఉంది. గోడకి అవతల పొయ్యి రగులుతోంది.

"అదా? అది రెణ్ణెల్ల నుంచీ ఉన్నదే కదండీ" అన్నాడు బేకరీ యజమాని, చేతులకున్న పిండి దులుపుకుంటూ. "మీరు చూసి ఇచ్చిన మిషనే. మీరు బాగుందన్నాక ఇంకేముంది అనుకున్నాం."

మేస్త్రి ముందు పొయ్యి ఆర్పించి, ఆ తర్వాత జనరేటర్ని వీధిలోకి మోయించి, నడిరోడ్డు మీద కూర్చుని గొట్టం మార్చాడు. మరలు బిగించాక చెల్లెలి చేత రెండుసార్లు వాసన చూపించాడు.

పదమూడు మిషన్లు చూశారు. పద్నాలుగోదాని ఎదురుగా తలుపు మీద రెండే మాటలున్నాయి: నీలం మిషన్.

అది అతనికి బాగానే గుర్తుంది. జ్వరం తగ్గిన రెండో నెల. మూసిన వ్యానులో ఊరూరూ తిరుగుతూ, అడిగినవాళ్ల వాకిళ్లలో గడ్డి కోసి బతికే మనిషి. పక్కన భార్య, ఒళ్లో నెలల పాప. గడ్డి మిషన్ లేవడం లేదంటే మేస్త్రి ప్లగ్గు మార్చి, కడ్డీ చూసి ఇచ్చేశాడు. వెళ్లేముందు ఆ మనిషి నవ్వుతూ అన్నాడు: "దీన్ని బయట పెడితే పొద్దున్నకి ఉండదండీ. వ్యాను లోపలే పెట్టుకుని, తలుపులు బిగించుకుని, దీని పక్కనే పడుకుంటాం ముగ్గురం."

ఎటు వెళ్తున్నారో మేస్త్రి అడగలేదు. అప్పుడు అడగాల్సిన అవసరం కనబడలేదు.

చెల్లెలు పట్టుబట్టి అతన్ని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది. జ్వరం నరాన్ని తినేసిందని, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చని ఆయన చెప్పాడు. రాలేదు. మేస్త్రి షెడ్డులో పని మానేసి, వాకిట్లో రేకులు వేయించుకుని ఆరుబయటే చేయడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతివాళ్లకీ ముందే చెప్పేవాడు: "నాకు వాసన తెలీదండీ. మీకేమైనా వస్తుంటే దాచకుండా చెప్పండి." కొందరు జాలిపడ్డారు, కొందరు మిషన్ వెనక్కి తోసుకెళ్లారు. ఉన్నవాళ్ల మిషన్లకి చెల్లెలు కుట్టు ఆపి వచ్చి వాసన చూసేది. ఆమెకి ఇప్పుడు ఆయిల్లో పెట్రోలు చుక్క కలిసినా తెలిసిపోతుంది. ఆ వీధి మాత్రం అతన్ని ఇంకా ముక్కు మేస్త్రి అనే పిలుస్తుంది. అతనిప్పుడు ఆ పిలుపుకి వెంటనే పలకడు.

ఊరి నుంచి బయటికి వెళ్లే దారులు మూడు. మూడు దారుల్లోనూ పెట్రోలు బంకులున్నాయి. మూడుచోట్లా అతను కాగితాలు అంటించాడు: "నీలం గడ్డి మిషన్ వ్యానులో పెట్టుకుని తిరిగే అతనికి. మిషన్ లోపల పెట్టుకుని పడుకోవద్దు. ఒకసారి నా దగ్గరకి రండి. మేస్త్రి." కాగితం వానకి తడిసిపోతుంది, ఎండకి వెలిసిపోతుంది. నెలకోసారి చెల్లెలు మళ్లీ కొత్తది రాసిస్తుంది. అతను సైకిలు మీద వెళ్లి అంటించి, అక్కడ పెట్రోలు పోసే వాళ్లని ఎవరైనా అడిగారా అని కనుక్కుని వస్తాడు.

ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.